కిటికీకి మాత్రమే

పొయ్యి తుడిచే గుడ్డతో మా ఆయన స్కూటర్ తుడిచారు. ఆదివారం పొద్దున్న గొడవ అక్కడ మొదలైంది.

"అది వంటింటి గుడ్డ. స్కూటర్ గుడ్డ బయట మేకుకి ఉంది," అన్నాను.

"గుడ్డ మీద పేరేటైనా రాసుందేటి?"

"రాసినా మీరు చదవరు కదా."

ఆయన చేతిలోని స్టీలు గ్లాసు నా చెవి పక్కనుంచి దూసుకెళ్ళి గోడకి తగిలింది. సున్నం పెళ్ళ ఊడి పడింది. మా అత్తగారు డోర్కాస్ మంచం మీంచి, "చర్చికెళ్ళే పూట ఏటిరా దేవానందం ఇది," అని మళ్ళీ బైబిల్లోకి తల దించేశారు.

గొడవ గుడ్డ గురించి కాదని ముగ్గురికీ తెలుసు. మర్నాడు పది గంటలకి నేను పోలీస్ స్టేషన్లో వాంగ్మూలం ఇవ్వాలి. అందులో ఒక అబద్ధం చెప్పమని ఆయన వారం రోజులుగా అడుగుతున్నారు. నేనింకా ఊ అనలేదు.

భిలాయి నుంచి జాముల్ వెళ్ళే దారిలో ఒక రేకుల షెడ్డులో రవికాంత్ అనే కుర్రాడు చిన్న కంపెనీ నడుపుతున్నాడు. కెమిస్ట్రీ చదివినవాడు. అద్దాలకి అతికించే పలచని పాలిమర్ ఫిల్మ్ తయారుచేస్తాడు. ఎండ పడితే అది దానంతటదే నల్లబడుతుంది, ఎండ తగ్గితే తేటపడుతుంది. భిలాయి ఎండల్లో అలాంటిదానికి గిరాకీ ఉంటుందని నాకూ అనిపించింది. మా ఆయన స్టీలు ప్లాంటులో రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో సగం దాంట్లో పెట్టాం. కాగితాలన్నీ చదివింది నేనే కాబట్టి వాటా నా పేరున రాయించాను.

మార్చిలో రవికాంత్ ఖుర్సీపార్‌లోని మా ఇంటికి వచ్చి, వంటింటి కిటికీకి తనే ఒక షీటు అతికించాడు. "దీదీ, ఇది కిటికీకి మాత్రమే. గర్మీ తగిలే చోట పెట్టొద్దు. అరవై డిగ్రీలు దాటితే కరిగి అంటుకుపోతుంది," అన్నాడు. చెప్పులేసుకున్నాక మళ్ళీ గుమ్మంలోకి వచ్చి అదే మాట మా ఆయనకీ చెప్పాడు. రెండుసార్లూ నేను అక్కడే ఉన్నాను.

అయితే మా ఆయన ముప్పై ఏళ్ళు ఫర్నేసు ముందు నిలబడ్డ మనిషి. ఆ పనివాళ్ళ దగ్గర నీలం అద్దం ఒకటి ఉంటుంది. అది కంటికి అడ్డం పెట్టుకుని కరిగిన ఉక్కులోకి చూస్తారు. కొత్త అద్దం ఏదొచ్చినా దాంతో ఒకసారి మంటలోకి చూసిగాని మంచిదో చెడ్డదో చెప్పరు. కాగితం మీద ఏం రాసున్నా వాళ్ళకి లెక్కలేదు. ఒకరోజు నేను బజారుకి వెళ్ళినప్పుడు ఆయన ఆ షీటు పెరికి, ముఖానికి పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగుకి అతికించి, తమ్ముడు ఎబెన్ పనిచేసే ఇనుము పోతపోసే షెడ్డుకి పట్టుకెళ్ళారు. ఎబెన్ దాన్ని పెట్టుకుని కొలిమిలోకి చూశాడు. "నల్లబడిందా? ఇంకా వంగు," అని వెనకనుంచి మెడ వంచింది మా ఆయనే. నల్లబడింది. తర్వాత కరిగింది. తొడుగుతో సహా ముఖానికి అతుక్కుంది. ఎబెన్ ఎడమ కన్ను పోయింది. దాన్ని ఊడబెరికినప్పుడు చెంప కూడా వచ్చిందని ఆసుపత్రి వరండాలో ఆయనే ఏడుస్తూ నాకు చెప్పారు.

మూడో రోజుకి ఆయన ఏడుపు ఆగింది. రవికాంత్ ఫర్నేసు కోసమే ఆ షీటు ఇచ్చాడని తమ్ముడితో చెప్పారు, పోలీసులకీ అదే రాసిచ్చారు. ఎబెన్ నమ్మాడు. అన్న మాట కాదనడం వాడికి చిన్నప్పటినుంచీ లేదు.

గుడ్డ గొడవ జరిగిన ఆ ఆదివారం ప్రార్థన అవగానే ఎబెన్ తన షెడ్డువాళ్ళు ఇద్దరితో చర్చి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కంటికి కట్టు, చేతిలో గునపం.

"చల్, అన్నయ్యా. పోలీసోళ్ళ కంటే ముందు నాను ఓపాలి మాటాడాల."

మా ఆయన నా వైపు చూసి స్కూటర్ తీశారు. వద్దంటున్నా నేను వెనక ఎక్కి కూర్చున్నాను.

రవికాంత్ షెడ్డు ముందు ఫిల్మ్ వేసిన అద్దాలు గోడకి వరసగా ఆనించి ఉన్నాయి. ఎబెన్ మొదటిది పగలగొట్టాడు. తర్వాత రెండోది, మూడోది. చప్పుడుకి రవికాంత్ లోపలినుంచి పరుగెత్తుకొచ్చాడు. గునపం అతని మోకాలి మీద పడింది. ఎండుకొమ్మ విరిగినట్టు వినబడింది. పడ్డవాణ్ణి మిగతా ఇద్దరూ కడుపులో తన్నారు. పెంకుల మీద దొర్లుతుంటే వీపు నిండా గాజు దిగింది. నేల నిండా పడ్డ ముక్కలు ఎండకి ఒక్కొక్కటే నల్లబడుతున్నాయి. వాటి మీద నెత్తురు ఎక్కడుందో కనబడలేదు.

ఎబెన్ అతని గుండెల మీద కూర్చుని ఒక గాజుముక్క అందుకున్నాడు.

"ఏ కన్ను తియ్యమన్నావు? బోల్! కుడిదా, ఎడమదా?"

రవికాంత్ నన్ను చూశాడు. "దీదీ! మీ ఎదురుగానే చెప్పాను కదా! చెప్పండి దీదీ!"

ఎబెన్ నా వైపు తిరిగాడు. "వదినా, ఏటి సెప్పినాడు ఈడు?"

మా ఆయన ముఖంలో రక్తం లేదు. నిజం చెబితే ఆ గాజుముక్క ఎవరి గొంతులోకి వెళుతుందో నాకు తెలుసు.

"వాణ్ణి వదిలెయ్, ఎబెన్," అన్నాను. అంతే అన్నాను.

ఎబెన్ చెయ్యి అతని కంటి మీదికి దిగింది. రవికాంత్ అరచెయ్యి అడ్డం పెట్టాడు. గాజు అరచేతిని ఎముకదాకా చీల్చింది. రెండు వేళ్ళు తోలు పట్టుకుని వేలాడాయి. అప్పుడు మా ఆయన తమ్ముణ్ణి చంకల కింద పట్టుకుని వెనక్కి లాగారు. పక్క షెడ్డుల మనుషులు రావడంతో అందరూ చెదిరిపోయారు. నేను నా చీర కొంగు చింపి ఆ చెయ్యి కట్టి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

ఇంటికి వచ్చేసరికి మూడయింది. పొద్దున్న వండిన కోడికూర అత్తగారు వేడిచేసి పెట్టారు. అన్నదమ్ములిద్దరూ పీటల మీద కూర్చున్నారు. ఎబెన్ చేతులు కడుక్కున్నా గోళ్ళ సందుల్లో ఎరుపు పోలేదు. నేను వసారాలోని గునపం, వంటింట్లోని కత్తిపీట, చాకులు తీసి వెనకగదిలో పెట్టి తాళం వేశాను. తర్వాత చేతులు కడుక్కుని వడ్డించాను.

"ఉప్పు తక్కువేసినావేటి, వదినా? పోలీసులంటే భయవా?" ఎబెన్ నవ్వబోతే చెంప మీద కుట్లు లాగాయి. "రేపు గట్టిగా సెప్పీ. ఆడు లోపలికెళ్తే నాకు కాస్త నిద్ర పడతాది."

"ముందు తిను, నాయినా," అన్నారు అత్తగారు.

మా ఆయన అన్నం కలుపుతూనే ఉన్నారు. ఒక్క ముద్దా నోటికి వెళ్ళలేదు.

నేను గిన్నె కింద పెట్టాను. "రేపు ఏం చెబుతానో ఇప్పుడే విను, ఎబెన్. అది కిటికీకి మాత్రమే అని రవికాంత్ చెప్పాడు. వేడికి కరుగుతుందనీ చెప్పాడు. ఒకసారి నాకు, ఒకసారి మీ అన్నయ్యకి."

ఎబెన్ అన్నని చూశాడు. "ఝూట్ కదా, అన్నయ్యా? వదిన ఝూట్ కదా?"

మా ఆయన తల ఎత్తలేదు. "నిజవేరా," అన్నారు.

కంచం గోడకి తగిలింది. ఎబెన్ పీట మీంచి ఎగిరి అన్న గొంతు పట్టుకుని తల నేలకేసి కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు. ఆయన చేతులు అడ్డం పెట్టలేదు. అత్తగారు "యేసయ్యా, యేసయ్యా" అంటూ ఎబెన్ చొక్కా పట్టుకుని వేలాడారు. నేను వాడి కట్టు లేని కంటికి ఎదురుగా వెళ్ళి నిలబడి, ఆ అరుపుల మీదుగా మిగిలింది కూడా చెప్పాను.

"ఆయన చేసింది చెబుతాను. ఇవాళ నువ్వు చేసింది చెబుతాను. నేను నోరు మూసుకు నిలబడ్డానని కూడా చెబుతాను. వాటా వెనక్కి తీసుకోను. ఆ కుర్రాడి చెయ్యి బాగుపడేదాకా షెడ్డు తాళం రోజూ నేనే తీస్తాను."