సమ్మె రోజుల్లో సూర్యప్రభమ్మ కారు

మైసయ్య పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఇన్ని రోజులు ఖాళీగా కూర్చున్నది లేదు. ఆర్టీసీలో డ్రైవరు ఉద్యోగం. పొద్దు పొడవకముందే డిపోకు పోవడం, చీకటి పడ్డాక ఇల్లు చేరడం. అలాంటిది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై బస్సులన్నీ డిపోల్లో నిలబడిపోయేసరికి మైసయ్యకు కాళ్లూ చేతులూ ఆడడం మానేశాయి. పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలోని టెంటుకు పోయి తోటి డ్రైవర్లతో కూర్చునేవాడు. నినాదాలిచ్చేవాడు. మధ్యాహ్నానికి మన్సూరాబాద్‌లోని ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని గల్లీని చూసేవాడు.

అట్లా చూస్తుంటేనే ఎదురింటి సంగతి కంటపడింది.

ఎదురిల్లు సూర్యప్రభది. ఆమె భర్త మల్లికార్జునరావు బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. తెనాలి వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడే ఉన్నారు. పిల్లలు లేరు. ఆ ఎండాకాలంలో మల్లికార్జునరావుకు పక్షవాతం వచ్చింది. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట ముద్దయిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఫిజియోథెరపీ క్లినిక్కు వారానికి మూడుసార్లు తీసుకుపోతే వానలు తగ్గేనాటికి వాకరు పట్టుకుని నాలుగడుగులు వేయసాగాడు. ఇంతలో సమ్మె వచ్చింది.

వాళ్లు బస్సులో పోయేవాళ్లేం కాదు. తెలిసిన ఆటో ఒకటి ఉండేది. కానీ బస్సులు ఆగిపోయాక ఊళ్లో జనమంతా ఆటోల మీదే పడ్డారు. ఒక్కో ఆటోలో ఎనిమిది మంది, డ్రైవరుకు రెండు పక్కలా ఇద్దరు. ఎక్కడానికే పది నిమిషాలు పట్టే మనిషి కోసం ఎవరాగుతారు? ఒకరోజు ఒకాయన ఆపాడు గానీ, వెనక నుంచి మరో నలుగురు ఎక్కేసరికి మల్లికార్జునరావు కుడి కాలు బయటికి వేలాడుతూనే ఉండిపోయింది. సూర్యప్రభ ఆ కాలిని ఒడిసిపట్టుకుని, "ఆపు నాయనా, దిగిపోతాం" అంది. దిగిపోయారు.

క్లినిక్ వాళ్లు అంబులెన్సు పంపుతామన్నారు. ఆ మాట వినగానే, నెలల తరబడి మాట కూడదీసుకోలేని మల్లికార్జునరావు "వద్దు" అని స్పష్టంగా అన్నాడు. పడుకుని పోవడం ఆయనకు ఇష్టం లేదు. కూర్చునే పోవాలి. ఆ పట్టుదలను సూర్యప్రభ కాదనలేదు.

రెండు వారాలు ఇంట్లోనే గడిచాయి. ముడుచుకున్న కుడి చెయ్యి మళ్లీ బిగుసుకోవడం మొదలైంది.

"జర పోయి సార్‌ను దవాఖానకు తీస్కపోరాదు? వాళ్లకు కారున్నది, నీకు డ్రైవింగొచ్చు. గాలికి కూసుంటవేంది?" అని మైసయ్య భార్య యాదలక్ష్మి రోజూ సణిగేది.

వాళ్ల వాకిట్లో ఒక తెల్ల మారుతి కారు గుడ్డ కప్పుకుని ఉన్న మాట మైసయ్యకు తెలియదా! తెలిసే ఆ వైపు చూడకుండా తలతిప్పుకునేవాడు.

ఒక మధ్యాహ్నం సూర్యప్రభే గేటు తీసుకుని వచ్చింది. అరవై దాటిన సన్నటి మనిషి. ఆరు గజాల నేత చీర, నుదుట చిన్న బొట్టు.

"మైసయ్య గారూ, మిమ్మల్ని ఒక సాయం అడగడానికి వచ్చాను" అంది. "వారానికి మూడు రోజులు కారు నడుపుతారా?"

మైసయ్య లేచి నిలబడ్డాడు. "అమ్మా, నా మీద కోపం చెయ్యకు" అన్నాడు. "డిపో గేటు కాడ మేమందరం ఒట్టు వెట్టుకున్నం. తెలంగాణ మాట తేలేదాన్క ఏ బండి స్టీరింగూ ముట్టమని. నేను గిప్పుడు మీ కారు నడిపితే, రేపు ఇంకోడు పైసలకు ఇంకో కారు నడుపుతడు. అడిగేటోనికి నోరుండదు."

యాదలక్ష్మి నోరు తెరవబోయింది. సూర్యప్రభ చెయ్యెత్తి ఆపింది.

"ఒట్టు ఒట్టే" అంది. "తప్పమని నేనడగను." వెనక్కి తిరిగి రెండడుగులు వేసి ఆగింది. "నేర్పించడం కూడా ముట్టడం కిందికే వస్తుందా?"

"ఎవలకు నేర్పాలె?"

"నాకే. లైసెన్సుంది. ఆయన ఎప్పుడో పెళ్లైన కొత్తలో తీయించారు. గడువు ముగిసినప్పుడల్లా తనదాంతోపాటు నాదీ పొడిగించేవారు. పరీక్ష రోజు తప్ప మళ్లీ బండి ముట్టుకోలేదు."

మైసయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. ఈ వయసులో? ఈ చేతులతో? నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. ఆమె ముఖంలో వేడుకోలు లేదు. సందేహం తీర్చుకుంటున్న మనిషి ముఖం అది.

"పక్కన కూసుంటే ముట్టినట్టెట్ల అయితది?" అంది యాదలక్ష్మి. మైసయ్యకు ఇక తప్పించుకునే దారి లేకపోయింది.

మర్నాడు కారు మీది గుడ్డ తీశారు. బ్యాటరీ చచ్చిపోయింది. గల్లీలో వాళ్లు తలో చెయ్యీ వేసి నెట్టారు. మెకానిక్కు బ్యాటరీ మార్చి, చక్రాల్లో గాలి కొట్టాక కారు దగ్గి దగ్గి లేచింది. కాలనీ చివర ఇంకా ఇళ్లు కట్టని ఖాళీ లేఅవుటు ఉంది. హద్దురాళ్లు, ముళ్లచెట్లు, నాలుగు బర్రెలు. అక్కడ మొదలైంది పాఠం.

మొదటిరోజు కారు కప్పలా గెంతింది, ఆగింది, మళ్లీ గెంతింది. మైసయ్య చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. లేకపోతే అవి వాటంతటవే స్టీరింగు మీదికి పోతున్నాయి. "క్లచ్చు మెల్లగ ఇడువమ్మా, మెల్లగ" అని గొంతు పోయేలా చెప్పాడు.

సూర్యప్రభ ఒక్కసారి కూడా "నా వల్ల కాదు" అనలేదు. ఆగిపోయినప్పుడల్లా ఎందుకు ఆగిపోయిందని అడిగేది. చెబితే వినేది. మళ్లీ తాళం తిప్పేది. మూడో రోజున చెప్పులు విప్పేసి వట్టి కాళ్లతో కూర్చుంది. "కుట్టుమిషను తొక్కేటప్పుడు చెప్పులేసుకోను కదా, అందుకే తెలియట్లేదు" అంది. నిజంగానే ఆ పూట క్లచ్చు ఆమె పాదానికి లొంగింది. బర్రెల పక్కనుంచి, హద్దురాళ్ల మధ్యనుంచి కారు నీళ్లలో పడవలా మెత్తగా సాగింది. మైసయ్య తొడల కిందినుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి అన్నం తింటూ భార్యతో, "డిపోల పిలగాండ్లకు ఎంతమందికి నేర్పిన్నో. గింత నిదానం ఒక్కనికి లేదే" అన్నాడు.

తెనాలి నుంచి సూర్యప్రభ తమ్ముడు పట్టాభి రోజూ ఫోన్ చేసేవాడు. హైదరాబాదులో గొడవలుగా ఉందట, ఇంటికి తాళం వేసి వచ్చేయమనేవాడు. "ఇక్కడ నాకు డ్రైవింగు క్లాసులున్నాయిరా, కుదరదు" అని పెట్టేసేది. ఆ మాట యాదలక్ష్మి గల్లీ అంతా చెప్పి నవ్వింది.

బతుకమ్మ పండుగ వెళ్లాక ఒక ఉదయం, రోడ్డు మీదికి పోదామని మైసయ్యే అన్నాడు.

బయలుదేరే ముందు భర్తను కారెక్కించడం చూసి అతను నోరెళ్లబెట్టాడు. ఏళ్ల తరబడి బస్సు మెట్ల దగ్గర ముసలివాళ్లను రెక్క పట్టి లాగడమే చూశాడు. సూర్యప్రభ లాగలేదు. ముందు సీటు మీద ఒక పాత పట్టుచీర ముక్క పరిచింది. వాకరును కారు దాకా నడిపించి, ఆయన వీపు సీటుకేసి తిప్పి నిలబెట్టింది. "ఎడం చెయ్యి తలుపు మీద. తల వంచండి. ఇప్పుడు కూర్చోండి" అని ఒక్కొక్క మాటా ఆగి ఆగి చెప్పింది. ఆయన కూర్చున్నాక రెండు కాళ్లూ జమిలిగా ఎత్తి లోపలికి తిప్పితే, పట్టుగుడ్డ మీద మనిషి మొత్తం జర్రున జారి ముందుకు తిరిగాడు. ఆమెకు ఆయాసం రాలేదు. ఆయన పరువూ పోలేదు.

"గిది ఎవలు చెప్పిన్రమ్మా?"

"ఎవరూ చెప్పలేదు. ఆయనకు నొప్పెక్కడ పుడుతోందో చూస్తూ చూస్తూ నేర్చుకున్నా."

మైసయ్య వెనక సీట్లో కూర్చున్నాడు. బస్సుల్లేని రోడ్డు వెడల్పుగా ఉంది. సూర్యప్రభ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, పెదవులు బిగించి, కళ్లు రోడ్డు మీదే పెట్టి నడిపింది. పక్కన మల్లికార్జునరావు ఎడమ కాలితో లేని బ్రేకు తొక్కుతున్నాడు.

ఎల్బీనగర్ చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మూసేసి ఉంది. ఆ రోజు వంటా వార్పు. రోడ్డు నడిమధ్య రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టారు. పెద్ద పెద్ద గంజుల్లో అన్నం ఉడుకుతోంది. వందల మంది జనం, జెండాలు, డప్పులు. సూర్యప్రభ బ్రేకు తొక్కింది. క్లచ్చు మరిచింది. కారు గక్కుమని ఆగిపోయింది.

జనం చుట్టుముట్టారు. బానెట్టు మీద ఎవరో చరిచారు. మైసయ్య వెనక సీట్లో తల వంచుకున్నాడు. ఆ గుంపులో సగం మంది అతని డిపో వాళ్లే. రాజశేఖర్ అనే యువ డ్రైవరు కిటికీలోంచి లోపలికి తొంగిచూసి మైసయ్యను గుర్తుపట్టాడు.

"ఏందే మైసన్నా! సమ్మెల ప్రైవేటు డ్యూటీ జేస్తున్నవా?"

"కండ్లు వెట్టి సూడు. నేను యాడ కూసున్న? స్టీరింగు ఎవల చేతులున్నది?"

రాజశేఖర్ చూశాడు. ముసలామెను చూశాడు. ఆమె పక్కన వంకరపోయిన చేతిని ఒళ్లో పెట్టుకున్న పెద్దాయనను చూశాడు.

"దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాలి బాబూ, ఫిజియోథెరపీకి. మూడు వారాలైపోయింది" అంది సూర్యప్రభ. ఆ యాస వినగానే వెనకెవరో ఏదో అన్నారు. ఇంకెవరో వాళ్లను "సప్పుడు జెయ్యకు" అని కసిరారు.

రాజశేఖర్ గొంతు దిగింది. "పేషెంటును ఆపం అమ్మా. గని గంజులు దించనీకి రాదు, అన్నం మీదున్నది. కారు వెనుకకు తీసి, గా టెంటు పక్క సందుల నుంచి పోవాలె. జరుగుండ్రి, నేను తీసి..." అంటూ తలుపు మీద చెయ్యి వేసి, టక్కున ఆగిపోయాడు. అతనిదీ అదే ఒట్టు.

చుట్టూ నలభై యాభై మంది డ్రైవర్లు. కొండల్లోనూ లోయల్లోనూ బస్సులు తిప్పిన వాళ్లు. ఒక్కరికీ ఆ చిన్న కారు ముట్టుకునే వీల్లేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఫర్వాలేదు, నేనే తీస్తాను" అంది సూర్యప్రభ. "కాస్త చెప్పండి చాలు."

చెప్పండనడమే ఆలస్యం, నలభై గొంతులు లేచాయి. లెఫ్ట్ కొయ్యమని ఒకరు, రైట్ కొయ్యమని ఒకరు, సీదా రమ్మని ఒకరు, గంజు గంజు అని ఒకరు. కారు అడుగు వెనక్కి పోయి ఆగింది. సూర్యప్రభ కిటికీలోంచి తల బయటపెట్టి గట్టిగా అరిచింది.

"అందరూ చెబితే ఎవరి మాట వినను? ఒక్కరు చెప్పండి!"

డప్పులు కూడా ఆగాయి. ఎవరో ఫక్కున నవ్వారు. అప్పుడు గుంపులోంచి నెరిసిన మీసాల సీతారాములు ముందుకొచ్చాడు. అందరిలోకీ పెద్ద డ్రైవరు, మరో ఏడాదిలో రిటైరయ్యేవాడు. కారు వెనక నిలబడి, ఒంటి చేత్తో డిక్కీ మీద తట్టాడు.

"రానీ అమ్మా... రానీ... స్టీరింగు నీ దిక్కు తిప్పు... ఇంక జర... హోల్డాన్!"

ఆమె ఆపింది. ఈసారి క్లచ్చు మరవలేదు.

"ఇప్పుడు ముంగటికి... సీదా చెయ్... రైట్ రైట్!"

ఒకవైపు మరిగే గంజు, ఒకవైపు టెంటు గుంజ. ఆ నడుమ కారు అంగుళం అంగుళం జరిగింది. మైసయ్య వెనక సీట్లో చేతులు మళ్లీ తొడల కింద పెట్టుకున్నాడు. అద్దంలో ఆమె కళ్లు కనిపిస్తున్నాయి. భయం ఉంది వాటిలో, బోలెడంత ఉంది. అయినా చూపు చెదరడం లేదు. రెండుసార్లు వెనక్కి, రెండుసార్లు ముందుకు. కారు సందులోకి తిరిగింది.

చప్పట్లు మోగాయి. డప్పు మళ్లీ అందుకుంది. "పాసయినవమ్మా!" అని ఎవరో అరిచారు. రాజశేఖర్ ఆకు దొన్నెలో వేడి వేడి అన్నమూ పప్పూ తెచ్చి కిటికీలోంచి మైసయ్య చేతిలో పెట్టాడు. "సార్‌కు తినిపియ్యే. ఆకలైతది."

సందు దాటి, కొత్తపేట రోడ్డెక్కాక సూర్యప్రభ కారు పక్కకు ఆపింది. స్టీరింగు మీద తల ఆనించింది. అప్పుడు మల్లికార్జునరావు ఎడమ చేతిని మెల్లగా ఎత్తి ఆమె భుజం మీద వేశాడు. మాట కోసం చాలాసేపు వెతుక్కున్నాడు.

"బా... బాగా... తీశావ్."

ఆమె తల ఎత్తలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, తాళం తిప్పింది.

క్లినిక్కులో బిగుసుకున్న చెయ్యి సాగదీయడానికి చాలా రోజులే పట్టింది. నడక మాత్రం మల్లికార్జునరావు వెంటనే అందుకున్నాడు. ఆ వారం నుంచి కారులో వెనక సీటు ఖాళీగా పోలేదు. వెనక గల్లీ అండాలమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆటో మెట్టు ఎక్కలేదు. మూల మీది ఇంట్లో తిరుపతమ్మకు కంటి ఆపరేషనయింది, చుక్కలు వేయించుకోవాలి. సూర్యప్రభ ఎవరినీ రమ్మని చాటింపు వేయలేదు. "ఎలాగూ అటే పోతున్నా, ఎక్కండి" అనేది. ఎక్కేవాళ్లకు పట్టుగుడ్డ సర్ది ఇచ్చేది. మైసయ్య పక్కన ఉండి ఇరుకు మలుపులూ, సిగ్నళ్లూ, వాన రోడ్లూ చెబుతూ పోయాడు. తర్వాత్తర్వాత చెప్పాల్సింది తగ్గిపోయి, ఊరికే కబుర్లాడుతూ కూర్చునేవాడు.

అక్టోబరు నడుమ ఆర్టీసీ వాళ్లు సమ్మె విరమించారు. తెలంగాణ తేలకుండానే డ్యూటీ ఎక్కాల్సి రావడం మైసయ్యకు ముల్లులా గుచ్చుకుంది. రెండు రోజులు డిపో వైపు పోలేదు. మూడో రోజు యూనిఫాం వేసుకుని డిపోకు పోయాడు.

పది రోజుల తర్వాత, చైతన్యపురి దగ్గర బస్సు సిగ్నల్లో ఆగి ఉంది. కిక్కిరిసిన రోడ్డు. హారన్ల మోత. మైసయ్య పక్కకు చూస్తే, బస్సు కిటికీ కింద తెల్ల మారుతి. ముందు సీట్లో మల్లికార్జునరావు, వెనక అండాలమ్మ, ఇంకెవరో కొత్త ముసలాయన. సూర్యప్రభ తల తిప్పలేదు. చూపంతా ముందున్న సిగ్నల్ మీదే.

పచ్చ పడింది. వెనక నుంచి ఆటోలు దూసుకొస్తున్నాయి. మైసయ్య బస్సును కదపకుండా అడ్డంగా అట్లాగే నిలిపి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ముందు ఆమెను పొమ్మన్నట్టు ఊపాడు. మారుతి నిదానంగా, ఏ తొందరా లేకుండా, బస్సు ముందునుంచి తన దారిలోకి వెళ్లింది.

"ఏందన్నా, గంత మర్యాద? ఎవలామె?" అని అడిగాడు కండక్టరు.

"మా గల్లీ అమ్మ."

"గీ వయసుల మస్తు నడుపుతున్నది గదా. ఎవలు నేర్పిన్రే?"

మైసయ్య గేరు వేశాడు. "ఎవలు నేర్పుతరు? ఆమెనే నేర్సుకున్నది" అన్నాడు.