ముగ్గురు ముందుకు, ఒకడు వెనక్కి

నా బావమరిదికి బంతి తన్నడం నేను నేర్పలేదు. అది వాడికి ముందే వచ్చు. నేను నేర్పిందల్లా ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు కదలాలి అన్నది. ఆ విద్యను వాడు ఇంత బాగా ఒంటబట్టించుకుంటాడని అప్పుడు నాకు తెలియదు.

నేను డిఫెండర్ని. వయసులో ఉన్నన్నాళ్లూ ఒకే క్లబ్బుకు ఆడాను. పేపర్లో నా ఫొటో పడిందంటే, మధ్యలో గోల్ కొట్టినవాడు ఉంటాడు, అంచున సగం తెగిపోయి నేనుంటాను. బంతి గోల్లోకి వెళ్తే తిట్లన్నీ మాకు, వెళ్లకపోతే చప్పట్లన్నీ గోల్‌కీపర్‌కి. అయినా ఆ పనంటే నాకు పిచ్చి. అందులో ఒక్క విషయంలో మాత్రం ఆ రోజుల్లో నన్ను మించినవాడు లేడని ఇప్పటికీ ఎవరి ముందైనా అంటాను. అదే ఆఫ్‌సైడ్ గీత.

ఫుట్‌బాల్ తెలియనివాళ్ల కోసం చెబుతాను. అవతలి జట్టువాడు మమ్మల్ని దాటి ముందే గోల్ దగ్గరికి చేరి, అక్కడ బంతి కోసం కాచుకుని ఉండకూడదు. వాళ్లవాడు బంతి తన్నే క్షణానికి వీడు మా అందరికీ వెనక ఉన్నాడంటే లైన్ దగ్గరి రిఫరీ జెండా ఎత్తుతాడు, బంతి మాకిచ్చేస్తారు. అందుకని మేం నలుగురం ఒకే వరసలో నిలబడి, అవతలివాడు తన్నబోయే ముందు ఒక్కసారిగా అడుగు ముందుకేస్తాం. ఉరికి వస్తున్నవాడు మా వెనక ఒంటరిగా మిగిలిపోతాడు. చెప్పడానికి ఇంతే. కానీ ముగ్గురు ముందుకేసి ఒకడు వెనక ఆగిపోయాడా, కొంప మునిగినట్టే. ఆ ఒక్కడి వల్ల జెండా లేవదు, మా వెనక మైదానమంతా ఖాళీ. పక్కవాణ్ని చూసుకుని వేసే అడుగు కాదది. చూసే వ్యవధి ఉండదు. వాడూ వేస్తాడని నమ్మి వేయాలి.

మా ఆవిడ మాట మీద ఆమె తమ్ముణ్ని క్లబ్బుకు తీసుకొచ్చాను. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, మంచి ఆటగాడు. నా పక్కనే ఆడేవాడు. నేను చెయ్యి ఎత్తక్కర్లేదు, కాస్త ఊపిరి బిగబడితే చాలు, వాడి అడుగు పడేది. ఇద్దరం కలిసి పెద్ద పెద్ద జట్లకు మూడు చెరువుల నీళ్లు తాగించాం.

తర్వాత నా మోకాలు పోయింది. ఒక వానరోజు మ్యాచ్‌లో పాదం బురదలో దిగబడిపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. ఆటగాడిగా నా పని అక్కడితో సరి. క్లబ్బువాళ్లు కుర్రజట్టుకు కోచ్‌గా పెట్టారు, తర్వాత అసలు జట్టును అప్పగించారు. బావమరిది ఆట మానేశాక వాణ్ని నాకు అసిస్టెంట్‌గా ఇవ్వమని ప్రెసిడెంటు గారి చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది నేనే. ఆ కాళ్లలో ఒకటి అప్పటికే అరిగిపోయి ఉంది.

ఈ ఏడు మాకు అస్సలు కలిసిరాలేదు. ఆఖరి మ్యాచ్ వచ్చేసరికి పరిస్థితి ఎలా తయారైందంటే, ఓడితే కింది డివిజన్‌కు పడిపోతాం, డ్రా చేసినా గట్టెక్కుతాం. ప్రెసిడెంటు గారు నన్ను తన గదికి పిలిచి, కాఫీ తెప్పించి, జట్టు నిలబడితే నీ ఉద్యోగానికి ఢోకా లేదని భుజం తట్టారు. నాకు ఈ పని తప్ప మరొకటి రాదు. ఈ వయసులో, ఈ మోకాలితో, ఇంకో క్లబ్బు గడప ఎక్కి నన్ను పెట్టుకోండని అడగలేను. అందుకే ఆ ఒక్క డ్రా మీదే ప్రాణాలు పెట్టుకున్నాను. తింటున్నా అదే, పడుకున్నా అదే.

సరిగ్గా అప్పుడే మోకాలికి ఆపరేషన్ చేయించుకోక తప్పలేదు. పొద్దున ఆసుపత్రిలో కాలు వంచి చాపే కసరత్తు, సాయంత్రం మైదానం. పొద్దుటి ప్రాక్టీసు బావమరిదికి అప్పగించాను. నా విజిల్ తీసి వాడి మెడలో నేనే వేశాను.

మా ఎడమవైపు డిఫెండర్ని అందరూ గడియారం అంటారు. బస్సుకైనా, భోజనానికైనా, గీత మీద అడుగుకైనా క్షణం అటూ ఇటూ కాడు. తన పెళ్లికి హాలు తాళం తానే తీయించాడని జట్టులో జోకు. నా గీతను నిశ్చింతగా ఎవరి మీద వదలొచ్చంటే వాడి పేరే చెప్పేవాణ్ని.

మ్యాచ్ చివరి భాగం వరకూ ఎవరికీ గోల్ లేదు. నేను బెంచీ ముందు నిలబడి గొంతు చించుకుంటున్నాను, బావమరిది నా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అవతలి జట్టు నడిమి ఆటగాడు తల ఎత్తాడు. బంతి పంపబోతున్నాడని నాకు తెలిసిపోయింది. మా కెప్టెన్‌కూ తెలిసింది, చెయ్యి లేపాడు. ముగ్గురు అడుగు ముందుకేశారు. గడియారం వెనక్కి తిరిగాడు.

జెండా లేవలేదు. అవతలివాళ్లు ఇద్దరు, మావాడు ఒక్కడు. ఒకడు వీణ్ని తన వెంట తిప్పుకున్నాడు, రెండోవాడు తీరిగ్గా గోల్ కొట్టాడు. అంతే, డివిజన్ పోయింది.

స్టేడియమంతా వాణ్ని తిడుతోంది. నేను తిట్టలేదు. పొరపాటు పడ్డ మనిషి తడబడతాడు, అడుగు వేయబోయి ఆగుతాడు. వీడు తడబడలేదు. భుజం గోల్ వైపు తిప్పి, పక్కవాటుగా అడ్డడుగులు వేస్తూ, దూసుకొచ్చేవాడికి చేతి దూరం వదిలి వెనక్కి జరిగాడు. చూడముచ్చటగా జరిగాడు. అలా జరగడం ఎవరికీ దానంతటది రాదు. రోజూ నిలబెట్టి నేర్పితేనే వస్తుంది. నేను నేర్పలేదు.

డ్రెస్సింగ్ రూములో గడియారం తల మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చుని, అలా వెనక్కి జరగడం ఎక్కడ నేర్చుకున్నావురా అని మెల్లగా అడిగాను.

"పొద్దున ప్రాక్టీసులో రోజూ అదే కదా సార్. సాయంత్రం మీరు అడుగు ముందుకేయమనేవారు. ఇవాళ మీరు చెప్పిందే చేద్దామనుకున్నా, కాలు వినలేదు."

ఎవరు చెప్పారన్నాను. వాడు తువ్వాలు తీసి నా వంక వింతగా చూశాడు.

"వచ్చే ఏడు నుంచి ఇలాగే ఆడాలని చిన్నసార్ చెప్పారు. మీకు తెలుసన్నారు. మీరే మొదలుపెట్టమన్నారన్నారు."

గదిలో మిగతావాళ్లంతా ఒక్కసారిగా బూట్ల లేసుల మీద పడ్డారు. అందరికీ తెలుసు. కెప్టెన్‌కు తెలుసు, నా మోకాలికి ఐసు పెట్టే మనిషికీ తెలుసు. నేను ఆసుపత్రి బల్ల మీద పళ్లు బిగబట్టి కాలు చాపుతున్నప్పుడు, నా జట్టుకు నా తర్వాతి ఏడాది ఆట నేర్పుతున్నారు.

బావమరిది సామాన్ల గదిలో బంతులు వల సంచిలో వేస్తున్నాడు. నన్ను చూసి కూడా ఆ పని ఆపలేదు. నేను అడగకుండానే చెప్పుకొచ్చాడు. నా ఆపరేషన్ నాడే ప్రెసిడెంటు గారు వాణ్ని పిలిపించారట. వచ్చే ఏడు కోచ్ నువ్వే అన్నారట. మ్యాచ్ అయ్యేదాకా నాకు చెప్పొద్దన్నారట, నా మనసు పాడవుతుందని. ఎంత దయ.

"డ్రా చేసినా?" అన్నాను.

"చేసినా, బావా."

నాకు ఒళ్లు మండిపోయింది. కాఫీ తెప్పించి భుజం తట్టిన ఆ చెయ్యి గుర్తొచ్చి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఆయన పైవాడు. ఆటగాణ్ని వాడుకుని వదిలేయడం ఆయనకు మొదటిసారీ కాదు, చివరిసారీ కాదు. వీడు నా పక్కన ఆడినవాడు. వాణ్ని పట్టుకుని నాలుగు వాయిద్దామనిపించింది. కాలు సహకరించదు, అదొకటి. ఇంటి మనిషివై ఉండి ఒక్క మాట చెప్పలేకపోయావా అని మాత్రం అడిగాను.

"అక్కకి అప్పుడే చెప్పాను. అక్క నీకు చెప్పే ఉంటుందనుకున్నా. నువ్వు పైకి అనకపోతే నీది పెద్దమనసు అనుకున్నా." సంచి మూతి బిగించి భుజానికి తగిలించుకున్నాడు. "నా కింద అసిస్టెంట్‌గా ఉంటావని కూడా అక్క మాటిచ్చింది బావా. ప్రెసిడెంటు గారిని నేనే ఒప్పించాను."

దారిలో నేను దేన్నీ చూడలేదు. వాడు అబద్ధమాడుతున్నాడని నాకు నేను చెప్పుకుంటూనే ఇంటికొచ్చాను. తలుపు తీసేసరికి మా ఆవిడ మామూలుగానే తువ్వాల్లో ఐసు చుట్టి, కుర్చీ ముందు స్టూలు వేసి ఉంచింది. నేను ఆడిన రోజుల నుంచీ మ్యాచ్ అయ్యాక ఆమె చేసే పనే అది. నేను కూర్చోలేదు. నీ తమ్ముడు చెప్పింది నిజమేనా అని అడిగాను. నిజమేనంది. నాలుగు రాళ్లు వస్తూనే ఉంటాయని, ఆటకు దూరం కాకుండా ఉంటానని, బయటివాడి కింద కంటే ఇంటివాడి కింద నయమని చెప్పింది. అన్నీ సబబైన మాటలే. చాన్నాళ్లుగా కూడబెట్టుకున్నట్టున్నాయి.

"నన్ను అడగలేదేం?"

"అడిగితే మీరు ఒప్పుకోరు కదండీ."

అది కూడా నిజమే. కానీ నాకు కావలసింది అది కాదు. ఒక్కటే కావాలి, అది ఆమె నోటితో వినాలి.

"ఇవాళ మేం డ్రా చేస్తామని నువ్వు అనుకున్నావా?"

ఆమె ఐసు మూట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. నీళ్లు కారి చీర తడుస్తోంది. నా ముఖం చూడలేక స్టూలు వైపు చూసింది.

"లేదండీ," అంది.

ఇన్నాళ్లూ ఇదే ఇంట్లో, ఇదే బల్ల దగ్గర, అన్నం ముందు పెట్టుకుని ఆమెకు ఆ మ్యాచ్ గురించి చెప్పాను. ఎవణ్ని ఎక్కడ నిలబెడతానో గరిటెలు, గ్లాసులు పేర్చి చూపించాను. ఆమె తలూపింది. ఇంకాస్త వడ్డించింది. నేను ఓడిపోతానని తెలిసిన మనిషి ముందు కూర్చుని గెలుపు గురించి అంతసేపు మాట్లాడానని తలుచుకుంటే, గోల్ పడ్డప్పటి కంటే ఎక్కువ సిగ్గేసింది. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

ఆమె దగ్గరికి రాబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టి, ఫోన్ తీసి బావమరిదికి చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. అసిస్టెంట్ పని నాకొద్దని చెప్పాను. వాడు ఏదో అనబోయాడు.

"మీ అక్కకి కూడా నువ్వే చెప్పు," అన్నాను.

మా ఆవిడ నాకు చేతికందేంత దూరంలో నిలబడి ఉంది.