తాష్కెంట్‌లో ఐదు నిమిషాలు

కంచు పతకం తెచ్చుకుని రైలు దిగిన రుక్సానాను చిత్తూరు స్టేషన్లో నాయన నాయబ్ రసూల్ మొదట అడిగిన మాట ఇది.

"ఎట్ల పడేసినావు మ్మా ఆ పిల్లను?"

రుక్సానా నవ్వి సంచి భుజానికి తగిలించుకుంది. పతకం తెచ్చిపెట్టిన ఆ జూడో ఆట ఆమెకు గుర్తులేదు.

తాష్కెంట్‌లో, నీలం కోటు తొడుక్కున్న కజకిస్తాన్ పిల్ల గుల్నారాకు ఎదురుగా నిలబడి తల వంచి నమస్కరించడం గుర్తుంది. ఆ పిల్ల కోటు అంచు పట్టుకుంటే బట్ట చెమటతో తడిగా తగలడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది హోటల్లో స్నానాలగది. కొళాయి కింద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది, మెడలో పతకం వేలాడుతోంది. మధ్యలో జరిగిన ఐదు నిమిషాల ఆట, పతకాలు ఇవ్వడం, బస్సెక్కి హోటలుకు రావడం, ఏవీ లేవు.

నాయబ్ రసూల్‌కు చిత్తూరులో పరుపుల అంగడి ఉంది. 1994లో ఆడపిల్లల హైస్కూలు వ్యాయామం టీచరు పంకజాక్షి జూడో నేర్పించాలనుకుంది. స్కూల్లో కింద పరచడానికేమీ లేదు. నేరుగా అంగడికొచ్చి, "పిల్లోళ్ళు పడితే దెబ్బ తగలకూడదు. అట్లని కాలు కుంగిపోనూ కూడదు. అట్లాంటి పరుపు కుట్టిస్తారా?" అని అడిగింది. ఆయన మూడు రోజులు ఆలోచించి, కొబ్బరిపీచు మీద పాతదూది దట్టంగా పరిచి, పైన టార్పాలిన్ పట్ట వేసి కుట్టాడు. సరిగా వచ్చిందో లేదో చూడాలని పన్నెండేళ్ళ కూతుర్ని దానిమీద దూకమన్నాడు. పంకజాక్షి ఆ దూకడం చూసి, "ఈ పిల్లను పంపించండి" అంది.

అట్లా మొదలైంది. జిల్లా, రాష్ట్రం, జాతీయ పోటీలు. యాభై రెండు కిలోల విభాగం. బరువు తూచే రోజు దగ్గరపడిందంటే అమ్మ రహిమున్నీసా ఇంటిల్లిపాదికీ మాంసం మానిపించేది, కూతురి నోరూరకుండా. ఎదుటి మనిషిని నడుము మీదికి ఎత్తుకుని వెయ్యడానికి రుక్సానా పెట్టింది పేరు. ఇరవై ఒకటో ఏట, 2003 మే నెలలో, తాష్కెంట్ పోటీకి పిలుపొచ్చింది.

తిరుగు ప్రయాణంలో ఆమె కోచ్ గిరిప్రసాద్‌ను అడిగింది. "సార్, నేను ఎట్ల గెలిచినాను?"

ఆయన తమాషా చేస్తోందనుకున్నాడు. "పాయింట్లతో. గెలుపు గెలుపే కదమ్మా, పడుకో" అన్నాడు.

పక్క సీట్లో నందిని ఉంది. శ్రీకాళహస్తి పిల్ల, నలభై ఎనిమిది కిలోల్లో ఆడుతుంది. "నేను మోకాలికి ఐసు పెట్టించుకుంటా ఉండాను, ఆఖర్లో వచ్చినాను. నువ్వు మీదికి పోతా ఉంటే ఆ పిల్ల వెనక్కి వెనక్కి పోతా ఉన్నింది. అంతే సూసినా" అంది.

పేపర్లో మాత్రం ప్రత్యర్థిని నడుము మీదుగా విసిరికొట్టిందని రాశారు. బడులు తెరిచాక హైస్కూల్లో సన్మానం చేశారు. శాలువా కప్పి, తాష్కెంట్‌లో వేసిన పట్టు ఒకసారి చూపించమన్నారు. పదో తరగతి పిల్లను నడుము మీదికి ఎత్తుకుని మెల్లగా పరుపు మీద వేసింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. తాను చేసింది అబద్ధమో నిజమో రుక్సానాకు అర్థం కాలేదు. ఒకవేళ అట్లాగే వేసిందేమో! ఎవరికి తెలుసు?

ఆ వారమే తిరుపతిలో ప్రాక్టీసుకని బయల్దేరి బస్సెక్కింది. దిగేసరికి గాలంతా మాగిన మామిడిపళ్ళ వాసన. రోడ్డు పక్కన గుజ్జు ఫ్యాక్టరీ, లారీల వరస. తిరుపతి బస్సనుకుని బెంగళూరు బస్సెక్కింది. దిగిన చోటు బంగారుపాళ్యం. పనికి పోతున్న ఒక ముసలామె ఆగి, "యాడికి పోవాల మ్మా?" అంది. రుక్సానా నోరు తెరిచింది. పోవాల్సిన ఊరి పేరు రాలేదు. పుట్టినప్పటి నుంచి తెలిసిన ఊరు, కొండ కళ్ళముందు కనిపిస్తోంది, పేరు రావడం లేదు. ముసలామె రుక్సానా చెయ్యి పట్టుకుని నీడలో కూచోబెట్టి, నీళ్ళిచ్చి, సంచిలో ఉన్న అంగడి నంబరు చీటీ చూపించి ఎవరిచేతో అంగడికి ఫోను చేయించింది.

నాయబ్ రసూల్ కూతుర్ని మరుసటి రోజే తిరుపతిలో పెద్ద డాక్టరుకు చూపించాడు. డాక్టరు తల ఫోటోలు తీయించి, కళ్ళలోకి లైటు వేసి చూసి, తలకు గట్టి దెబ్బ తగిలిందన్నాడు. ఆ కాసేపటి జ్ఞాపకం ఇక రాదన్నాడు. ఏడాది పాటు ఆట వద్దన్నాడు.

"డాక్టర్ గారూ, అయితే ఆ ఆట నేను ఆడినట్టా, ఆడనట్టా?"

ఆయన మందులు రాయడం ఆపి ఆమెవైపు చూశాడు. మళ్ళీ చీటీ మీదికి వంగి రాశాడు.

ఆగస్టులో పంకజాక్షి ఢిల్లీకి రాసి రాసి ఆ పోటీ క్యాసెట్టు తెప్పించింది. ఆమె ఇంట్లోనే వేసుకుని చూశారు, రుక్సానా, నాయన, టీచరు.

మొదటి నిమిషంలోనే గుల్నారా ఆమెను ఎత్తి వేసింది. రుక్సానా పక్కకు తిరిగి పడింది, తల నేలకు తగిలింది. గుల్నారాకు చిన్న పాయింటొచ్చింది. టీవీలో రుక్సానా లేచి కోటు సర్దుకుని, తన చోటుకు పోకుండా గుల్నారా కోచ్ దగ్గరికి నడిచింది. రెఫరీ భుజం పట్టి వెనక్కి తిప్పాడు. గుల్నారా ఆమె ముఖంలోకి వంగి చూసింది. రెఫరీతో ఏదో అంది. ఆయన తల అడ్డంగా ఊపి ఆట మొదలుపెట్టమన్నాడు.

ఆ తర్వాత గుల్నారా ఒక్కసారి కూడా పట్టు వెయ్యలేదు. ఊరికే కోటు పట్టుకుని వెనక్కి నడుస్తూ పోయింది. రుక్సానా అలవాటుకొద్దీ మీదికి వస్తూనే ఉంది, తోస్తూనే ఉంది. రెఫరీ గుల్నారాను ఆడటం లేదని హెచ్చరించాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఆ హెచ్చరికల పాయింట్లతోనే రుక్సానా గెలిచింది.

క్యాసెట్టు అయిపోయింది.

"ఆ పిల్ల నిన్ను కొట్టకుండా వదిలేసింది మ్మా" అన్నాడు నాయబ్ రసూల్. "సచ్చిపోకుండా సూసింది."

"లేకపోతే భయపడిందేమో" అంది పంకజాక్షి. "అలిసిపోయిందేమో. మనకేం తెలుసు?"

రుక్సానా ఆ రోజు పతకాన్ని బీరువాలో బట్టల కింద పెట్టింది. రెండు రోజులకు తీసి మళ్ళీ గోడకు తగిలించింది. తిరిగి ఇచ్చేద్దామంటే ఎవరికివ్వాలి? ఉంచుకుందామంటే ఎవరి పతకం? చూసిన ప్రతిసారీ ఒక్కో రకంగా అనిపించేది.

ఏడాది గడిచాక డాక్టరు సరేనన్నాడు. మొదట్లో తలమీద పడతానేమోనని ఒళ్ళు బిగుసుకుపోయేది. పంకజాక్షి చిన్నపిల్లల పక్కన నిలబెట్టి పడటం మళ్ళీ మొదట్నుంచి నేర్పించింది. 2005లో ఆల్మటీలో పోటీకి జట్టులో చోటొచ్చింది. అది గుల్నారా ఊరు.

బరువు తూచే చోట గుల్నారా తనే వచ్చి కావిలించుకుంది. రుక్సానా దుబాసీ అమ్మాయిని పిలుచుకొచ్చింది. రెండేళ్ళుగా మనసులో తయారుచేసుకున్న ప్రశ్న అడిగింది. "ఆ రోజు నువ్వు నన్ను మళ్ళీ ఎందుకు వెయ్యలేదు?"

గుల్నారా విని, నవ్వి, కుడి భుజం పట్టుకుని ఏదో చెప్పింది.

"నిన్ను ఎత్తి వేసినప్పుడే భుజం పట్టేసిందంట. చెయ్యి లేవలేదంట" అంది దుబాసీ.

రుక్సానా ఆ క్యాసెట్టు నలభైసార్లు చూసి ఉంటుంది. గుల్నారా ఆఖరు దాకా కుడిచేత్తోనే గట్టిగా పట్టుకుని ఉంది. ఆ మాట అందామనుకుంది. గుల్నారా ఆమె వైపే చూస్తోంది, ఇంకేం అడుగుతుందోనన్నట్టు. రుక్సానా అడగలేదు. "రహ్మెత్" అంది. అక్కడ కృతజ్ఞతలకు ఆ మాటే అంటారని పొద్దున్నే నేర్చుకుంది. గుల్నారా ఎందుకని అడగలేదు.

రుక్సానా రెండో ఆటలో ఓడిపోయింది. గుల్నారా ఒక్కో ఆటా గెలుస్తూ ఫైనలుకు వెళ్ళింది. రుక్సానా గ్యాలరీ మెట్ల మీదినుంచి దిగి, బరి చుట్టూ కట్టిన తాడు దగ్గరికి పోయి, గుల్నారా పేరు పెట్టి గొంతు పోయేదాకా అరిచింది.

నందిని పరుగున వచ్చి చెయ్యి పట్టి లాగింది. "ఎవురికోసరం అరస్తా ఉండావే? ఆయమ్మ మనోళ్ళు కాదు కదా!"

"నాకూ తెలీదే, ఉండు" అంది రుక్సానా, చెయ్యి విడిపించుకుని మళ్ళీ అరుస్తూ.