చీకటి మీట

ఆ పాత మిలిటరీ ట్రక్కు బ్రేకు లైటు మళ్లీ వెలిగింది. వెలిగినందుకే ఎలక్ట్రీషియన్‌కి ఒళ్లు మండింది.

వెలగకపోతే ఏదో ఒక తప్పు దొరికేది. బల్బులు మార్చాడు, తుప్పు పట్టిన ఎర్తు వైరు కొస గీకాడు, బ్రేకు పెడలు దగ్గర కొత్త స్విచ్చు వేశాడు, వైరును బండి పొడవునా వేలితో తడుముకుంటూ వెళ్లాడు. అన్నీ బుద్ధిమంతుల్లా ఉన్నాయి. మరి ఆ సాయంత్రం ఎందుకు వెలగలేదు?

ఆ సాయంత్రం ట్రక్కు వెనకాలే స్కూటర్ మీద వస్తున్నది అతని భార్యే. ముందు బండి ఆగిందని తెలిసేసరికే ఆమె కాలు నలిగిపోయింది. ట్రక్కు నడిపింది ఇతని అక్క మొగుడు. సైన్యంలో డ్రైవరుగా చేసి వచ్చి, వేలంలో ఈ బండి కొనుక్కుని ఇటుకలు తోలుకుంటున్న మనిషి. వైరింగు చేసింది మాత్రం ఇతనే కాబట్టి తప్పు ఇతనిదే అయింది. బావ ఆ మాట అననూ లేదు, కాదననూ లేదు. భార్య కూడా పెద్దగా ఏమీ అనలేదు. ఇంట్లో ఫ్యాను ఆగిపోతే బజారు నుంచి వేరే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించింది, అంతే. ఆ పరాయివాడు పైకెక్కితే ఇతను కింద స్టూలు పట్టుకున్నాడు. చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

ఇక మిగిలింది ఒకటే దారి. ఆ రోజు నడిపినట్టే ఇవాళా నడపమని బావను బతిమాలి, పొద్దుగూకే వేళకు పక్క సీట్లో కూర్చున్నాడు.

వీధి మలుపు తిరిగారు. వెలుతురు పల్చబడింది. బావ కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి, చెయ్యి మాత్రం దానంతటది లేచి డ్యాష్‌బోర్డు మీది మీటను ఒక మెట్టు తిప్పింది. శత్రువు కంట పడకుండా నడపడానికి సైన్యం పెట్టుకున్న మీట అది. అటు తిప్పితే పెద్ద లైట్లేవీ పనిచేయవు. బ్రేకు తొక్కినా వెనక శనగగింజంత దీపం మాత్రం మినుకుమంటుంది. ఆ మీటను ఇతను ఎన్నిసార్లో తుడిచాడు. ఊళ్లో దాన్ని తిప్పేవాడు ఉంటాడని తోచనే లేదు.

బండి ఆపించి, దిగి వెనక్కి వెళ్లి చూశాడు. బావ బ్రేకు తొక్కే ఉంచాడు. పెద్ద లైటు వెలగలేదు.

తిరిగొచ్చి బావ మొహం చూశాడు. అందులో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసా బావా?"

"ఆ రాత్రే తెలిసింది. బండి ఇంటి దగ్గర పెట్టేటప్పుడు చూసుకున్నా." బావ స్టీరింగు వదల్లేదు. "నాకొచ్చిన విద్య ఇదొక్కటేరా. నా చెయ్యి నా మాట వినట్లేదని తెలిస్తే ఈ బండిలో ఇటుకలెవడు ఎక్కిస్తాడు? నీకేం, వైరు పోయిందంటే సరిపోతుంది. వైర్లు పోతూనే ఉంటాయి."

బండి దిగి వాళ్లింట్లోకి వెళ్తే అక్కా అదే పాట పాడింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని, ఈ సంగతి మన ముగ్గురి మధ్యే ఉండనీ అంది. ఇతను విదిలించుకుని వచ్చేశాడు. అక్క మీద అంత కోపం వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

ఇంటికెళ్లి, భార్య మంచం పక్కన కూర్చుని అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆమె అడ్డు రాకుండా విన్నది. కావాలంటే రేపు బండి దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తానన్నాడు.

"ఏం చూపిస్తారు? మీట తిప్పితే ఆరుతుంది, సరే. కానీ బల్బులు మార్చారు, స్విచ్చు మార్చారు. ఇప్పుడు వెలగక ఏం చేస్తుంది?" అంది. నలిగిన కాలు సర్దుకుంటూ, "మీ బావ నన్ను రెండు చేతులా ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు. పాపం, ఆయన మీదికి నెట్టకండి," అంది.

ఆ రోజు అతని పనిలో తప్పు లేదని సాక్ష్యం చెప్పగలిగిన పాత స్విచ్చును చెత్తలో పారేసింది అతని చేతులే. పైన, పరాయివాడు బాగుచేసిన ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతోంది.