ఫిజా డ్యూటీ ఎక్కిన రోజు

తెల్లారుజామున ఫజర్ నమాజు చదువుకుని వచ్చిన బుడాన్ అప్పటికే రెండు పేజీలు నింపాడు. ఏకిన దూది బస్తాకు వీపు ఆనించి, మోకాళ్ళ మీద అట్ట, అట్ట మీద పొడుగు నోటుపుస్తకం పెట్టుకుని రాస్తాడు. పెన్ను ముట్టడు. సిరా చుక్క పడితే దూది పాడవుతుందని పెన్సిలే వాడతాడు, అదీ బొటనవేలంత అయ్యేదాకా. కనుబొమల మీద నిన్నటి దూది నూగు ఇంకా అలాగే ఉంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నటి మెడ, ఒక పక్కకు ఒరిగిన కుడిభుజం. దూదేకే విల్లు మోసీ మోసీ అది అలా ఒరిగిపోయింది.

పొదిలిలో పరుపులు కుట్టే బుడాన్ కథలు రాస్తాడని తెలిసినవాళ్ళు పట్టుమని పదిమంది ఉండరు. తొమ్మిదేళ్ళ కిందట ఒక వారపత్రిక ఆయన కథ వేసుకుంది. పేరు మాత్రం 'బూదాన్' అని అచ్చయింది. మిగతావన్నీ తిరిగొచ్చాయి. వచ్చినవాటిని దిండు గలీబులో వేసి మూతి కుట్టేస్తాడు. అలాంటి గలీబులు నాలుగయ్యాయి.

ఆయన కథలకు కొన్ని పట్టింపులున్నాయి. దుర్మార్గుడు ఉండడు. ఎవరూ చచ్చిపోరు. పొదిలిలో పడినా పడకపోయినా కథలో వాన పడి తీరాలి. ప్రతి కథలో ఒక పిల్ల ఉంటుంది. ఆ పిల్ల పొద్దున్నే ఏం తిన్నదో తేలందే కథ ముందుకు కదలదు.

"ఇయ్యాల ఏం తిన్నదంటయ్యా ఆ పిల్ల?" పొయ్యి దగ్గర్నుంచి అడిగింది రసూల్‌బీ. ఆమెకు చదువు రాదు. రాసిందంతా సాయంత్రం పూట మొగుడు చదువుతుంటే వింటుంది.

"జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ పచ్చడి."

"అంత కారం తింటే గొంతు పోద్ది. కండక్టరు పనాయె, అరవొద్దా? కాసిన్ని మజ్జిగ పొయ్యి."

బుడాన్ మజ్జిగ పోశాడు. పిల్ల తాగింది. ఖాకీ చొక్కా వేసుకుంది. బస్సెక్కింది. అక్కడ పెన్సిలు ఆగిపోయింది. డ్యూటీలో మొదటి రోజు ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. తెలియనిది రాయడు. పిల్ల బడికెళ్ళే కథకు నాలుగు రోజులు బడి గోడ పక్కన కూర్చున్నాడు. టైపు నేర్చుకునే కథకు ఇన్‌స్టిట్యూట్ కిటికీ కింద నిలబడితే వాచ్‌మన్ తరిమాడు.

ఆ రోజు దర్శిలో గురునాథం మాస్టారింట్లో పని. విల్లు భుజాన వేసుకుని బస్టాండుకు వచ్చాడు. దర్శి బస్సులో ఆడ కండక్టరే ఉంది. జేబు మీద శ్రీదుర్గ అని పేరు. బుడాన్ మూడు కథల అదృష్టం ఒక్కసారే పట్టినట్టు పొంగిపోయి ఆమె సీటు వెనకే కూర్చున్నాడు.

ఊరు దాటాక బస్సు కుదురుకుంది. అటూ ఇటూ పత్తి చేలు, వాటి మీద పల్చటి ఎండ. టికెట్లు కొట్టడం అయ్యేదాకా ఆగి అడిగాడు.

"అమ్మా, మొదటి రోజు డ్యూటీలో నీకు దేనికి భయమేసింది?"

ఆమె వెనక్కి తిరిగి వింతగా చూసింది. "ఎందుకు బాబాయ్?"

"ఊరికే."

"నా గొంతుకే భయమేసింది. ఇంట్లో మా నాయనమ్మ గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు. మొదటిసారి రైట్ రైట్ అని అరిస్తే బస్సు కదిలింది చూడు, వెనక నుంచి ఇంకెవరో అరిచారనుకున్నా." నవ్వింది. "మీ అమ్మాయి గాని కండక్టరా?"

"అవును," అన్నాడు బుడాన్. "కొత్తగా చేరింది. పొదిలి డిపోనే."

"నాకు తెలియకుండా ఎవరబ్బా! పేరేంది?"

"ఫిజా."

శ్రీదుర్గ కనుబొమలు ముడివేసి గుర్తు చేసుకోబోయింది. ఇంతలో ఎవరో ఆపమని కేకేస్తే ముందుకు వెళ్ళిపోయింది.

బుడాన్ కిటికీ చువ్వ పట్టుకుని కూర్చున్నాడు. ఎనభై ఒకటిలో, జ్వరంతో మూడు రోజులు కాలిపోయి ఫిజా పోయింది. అప్పటికి నాలుగేళ్ళు. ఆ తర్వాత ఇంట్లో ఆ పేరు మొగుడూ అనలేదు, పెళ్ళామూ అనలేదు. మరుసటేడు బుడాన్ ఒక కథ రాశాడు. అందులో అయిదేళ్ళ పిల్ల వానలో తడిసి ఇంటికొచ్చింది. ఆపై ఏడాది కథలో ఆరేళ్ళ పిల్ల. ఇప్పుడు ఇరవై ఆరు. విని విని రసూల్‌బీ ఎప్పుడు గ్రహించిందో ఆయనకు తెలియదు, ఆమె చెప్పలేదు. ఇన్నేళ్ళూ కాగితం మీదే పెరిగిన పిల్లను ఇవాళ నలుగురు తిరిగే బస్సులో నోరారా నా కూతురన్నాడు. సిగ్గేసింది. ఒళ్ళంతా తేలికయింది కూడా.

గురునాథం మాస్టారి వసారాలో నారి మోగడం మొదలయ్యాక ఆయనకు లోకం లేదు. కొయ్యతో కొట్టినప్పుడల్లా నారి టంగుమంటుంది, అట్టగట్టిన దూది విడిపోయి లేస్తుంది. ఆ తెల్లటి పొగలో బస్సు కదిలింది, వాన మొదలైంది, ఖాకీ చొక్కా భుజాలు తడిశాయి. మధ్యాహ్నానికి దూది నింపి, పరుపు పరిచి, ఎర్రదారంతో కుట్టు వెయ్యసాగాడు. మూడో వరుస సగంలో ఉండగా వాక్యం వచ్చేసింది. కుట్టు అక్కడే వదిలి పెన్సిలు తీశాడు.

మాస్టారి భార్య సుబ్బలక్ష్మి అన్నం తినమని రెండుసార్లు పిలిచింది.

"ఒక్క నిమిషం అమ్మా. బస్సు స్టాండులోకి వస్తా ఉంది."

"ఏ బస్సు?" అని బయటికి తొంగి చూసి, ఏమీ కనపడక నవ్వుకుంటూ లోపలికి వెళ్ళింది. మళ్ళీ వచ్చేసరికి ఆయన పరుపు మీదికి ఒరిగి ఉన్నాడు. అలసిపోయాడని అలికిడి చెయ్యలేదు. మూడింటికి కాఫీ తెచ్చి పేరు పెట్టి పిలిచింది. ఇంకోసారి పిలిచింది. తర్వాత మాస్టారిని కేకేసింది.

బుడాన్ పోయిన మూడోనాటి ఫాతిహా ప్రార్థన అయ్యాక గురునాథం మాస్టారు పొదిలి వచ్చి నోటుపుస్తకం రసూల్‌బీ చేతికిచ్చాడు. ఆమె దాన్ని తిరిగి ఆయనకే ఇచ్చింది.

"చదవండి అయ్యోరూ. ఆయన ఎక్కడ ఆపాడో చూడండి."

కథ ఆగలేదు, అయిపోయింది. చివరి ట్రిప్పు ముగించుకుని పిల్ల వానలో ఇంటికొచ్చింది. గడపలో చెప్పులు విడిచి అమ్మా అని పిలిచింది. గట్టిగా మాట్లాడొద్దని ఇంట్లో ఎవరూ అనని ఆ గొంతు వీధి చివరిదాకా వినపడింది. అంతే.

రసూల్‌బీ కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"ఇంక మా ఫిజాని ఎవరు పెంచుతారయ్యా?" అంది.

మాస్టారు పుస్తకం మూశాడు. సాయంత్రం దర్శి చేరేసరికి వసారాలో దీపం వేసి ఉంది. పరుపు గోడవారకు జరిపారు గాని దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. మూడో వరుస మధ్యలో, జానెడు ఎర్రదారం వేలాడుతూ, పెద్ద సూది గుచ్చింది గుచ్చినట్టే ఉంది.