అసిరయ్య కాళ్లకు ఉప్పందలేదు

మా పరిశోధనశాలలో కప్పలకీ మాకూ కలిపి ఒకటే కప్పు. అదీ రేకులది. మే నెల ఎండకి కప్పలు తొట్టిలో మునిగి బతికేవి, మేము నెత్తిన తడిగుడ్డ వేసుకుని బతికేవాళ్లం. ఉత్తరాదిన ఉక్కు పట్నంలో, సాక్చి బజారు వెనకాల మిషను ఆసుపత్రిలో ఒకప్పుడు దుప్పట్లు ఉతికిన గది అది. దాన్ని డాక్టర్ విల్సన్ గారికిచ్చి పరిశోధన చేసుకోమన్నారు. ఆయన చెప్పింది రాసిపెట్టడానికి నన్నిచ్చారు.

విల్సన్ గారిది కాకినాడ. మనిషి సన్నం, మాట ఇంకా సన్నం. కప్ప తొడలోంచి ఒక నరాన్ని, దాన్ని అంటుకున్న కండని తీసి, ఉప్పునీళ్లలో ఉంచి, బ్యాటరీ తీగలతో కాస్త కరెంటు తాకించేవారు. నరం కబురు పంపేది, కండ ఎగిరేది. ఆ కబురు ఎలా నడుస్తుందన్నదే ఆయనకి పట్టిన పిచ్చి. ప్రతి కణం గోడకీ కంటికి కనపడని వాకిళ్లున్నాయనీ, వాటి గుండా సోడియం లోపలికీ పొటాషియం బయటికీ రాకపోకలు సాగిస్తాయనీ, ఒంట్లో కరెంటంటే ఆ రాకపోకలేననీ చెప్పేవారు. ఆ వాకిళ్లను చూసినవాడు లోకంలో ఒక్కడూ లేడు. ఏ ఉప్పు ఎంత తగ్గితే కండ ఎగరడం మానేస్తుందో ఆయన చెబుతుంటే నేను రాసేవాణ్ణి. ఉప్పందించడమనే మాటను మన పెద్దలు ఊరికే పుట్టించలేదని నాకు ఆ గదిలోనే తెలిసింది.

మాకు కప్పల్ని తెచ్చేవాడు అసిరయ్య. ఊరు టెక్కలి దగ్గర, కాపురం సీతారాండేరాలో, ఉద్యోగం గమ్హరియా దారిలో ఒక రోలింగు మిల్లులో. రోలర్లు తిరిగే మరల మధ్యనుంచి పాములా దూసుకొచ్చే ఎర్రటి ఊచను పట్టకారుతో అందుకుని రెండో మరకు తిప్పి పెట్టడం అతని పని. వారానికొక్క సెలవు. ఆ రోజంతా మోకాలిలోతు ఖర్కాయి ఏటి నీళ్లలో కప్పల వెంట పరిగెత్తేవాడు. అతనికి తెలిసింది కణకణలాడే ఇనుము, విల్సన్ గారికి తెలిసింది కణం. వీళ్లిద్దరి మధ్య కాగితం, కలం పట్టుకుని నేను.

1963 వేసవిలో ఆ అసిరయ్యకి ఒక వింత జబ్బు వచ్చింది. సెలవు మర్నాడు పొద్దున్న కళ్లు తెరిస్తే కాళ్లు కదలవు. చేతులు లేవవు. మధ్యాహ్నానికి ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటాడు. రెండు నెలల్లో మూడుసార్లు ఇలాగే జరిగింది. సాయంత్రం ఆసుపత్రికి వస్తే డాక్టర్లు సుత్తితో మోకాలు కొట్టి చూసి, ఎద్దులా ఉన్నావు పొమ్మనేవారు. మిల్లులో అతని ఫోర్‌మన్ పోలరాజు మాత్రం ఇది సెలవునాటి హండియా సారా చలవే అని తేల్చేశాడు. అసిరయ్య సారా ముట్టడని చెప్పినా వినలేదు. మూడు నాగాలు పడ్డాక మిల్లువాళ్లు మా ఆసుపత్రిలోనే వైద్య బోర్డు పెట్టించారు. దొంగ జబ్బని తేలితే ఆ రోజే పేరు కొట్టేస్తారు.

బోర్డు ముందురోజు అతనికి సెలవు. ఆ రోజు కూడా మాకు నలభై కప్పల్ని తెచ్చి తొట్టిలో వదిలాడు. వద్దని ఎవరం అన్నాం? విల్సన్ గారు చూసుకుని మురిసిపోయారు, నేను లెక్క రాశాను.

శుక్రవారం పొద్దున్న పదిన్నరకు పిలుపు. అసిరయ్య వరండా బల్ల మీద గంట నుంచి కూర్చుని ఉన్నాడు, పక్కన భార్య తవిటమ్మ. పేరు పిలిచారు. అతను లేవబోయాడు. లేవలేదు. రెండు చేతులూ బల్లకి ఆనించి ఇంకోసారి ఒళ్లు ఎత్తబోయి, బోర్డు గది గుమ్మంలో బోర్లాపడ్డాడు. నలుగురం పట్టి లోపల మంచం మీద పడుకోబెట్టాం. నేను ఎత్తిన కాలు తడిసిన దుప్పటిలా వేలాడింది. నిన్న అదే కాలు కప్ప కంటే ముందు గెంతింది.

బోర్డుకి పెద్ద మా ఆసుపత్రి సీనియర్ డాక్టర్ జ్ఞానరత్నం గారు. ఆయన పక్కన మిల్లు తరఫు ఆఫీసరొకాయన, గోడవార పోలరాజు.

"సబ్ నాటక్ హై సాబ్," అన్నాడు పోలరాజు, ఆఫీసరు వైపు తిరిగి. తర్వాత మంచం మీదకి వంగి, "ఏటిరా అసిరీ, నిన్న ఏట్లో కప్పల్ని తరిమినోడివి. ఇయాల కాళ్లు ఆటికిచ్చేసి వచ్చినావేటి?" అని అడిగాడు.

జ్ఞానరత్నం గారు గుండుసూది తీసి అసిరయ్య అరికాల్లో గుచ్చారు. పోలరాజు సూదిపోటు మాటల తర్వాత ఇది అసలు సూదిపోటు.

"అబ్బా. గుచ్చకండి బావూ, తెలత్తంది," అన్నాడు అసిరయ్య. కాలు మాత్రం రవ్వంత కూడా వెనక్కి తీసుకోలేదు.

గదిలో వాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాతం కొట్టిన కాలికి నొప్పెలా తెలుస్తుందని ఆఫీసరు అడిగాడు. ఈసారి సుత్తితో కొడితే మోకాలు ఎందుకు ఎగరలేదో అర్థం కాక జ్ఞానరత్నం గారు ఒక నిమిషం తటపటాయించారు. చివరికి కలం మూత తీశారు. ఆ కలం కాగితానికి ఆనితే అసిరయ్య దొంగ.

అప్పుడు గుమ్మంలోంచి విల్సన్ గారు ఆగమన్నారు. ఆయన గొంతు అంత పెద్దగా ఉంటుందని ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు, నాకు తెలిస్తే ఒట్టు. కప్పలకి కరెంటు తాకించే పెట్టె తెమ్మన్నారు. పెట్టె ఆయన పట్టుకున్నారు, బ్యాటరీ నేను మోశాను. దాన్లోంచి ఒలికిన ఆమ్లం నా పంట్లానికి కన్నాలు పెట్టింది. ఆ కన్నాల సంగతి నేను చూసుకున్నది సాయంత్రం.

రెండు తీగల కొసలూ అసిరయ్య తొడకి ఆనించి మీట నొక్కమన్నారు. నొక్కాను. ఏమీ లేదు. కరెంటు పెంచమన్నారు. పెంచాను. ఆ పాటికి మా కప్ప కాలైతే గదిదాటి పోవాలి. తొడ మీద ఒక్క నలక కూడా కదల్లేదు. విల్సన్ గారి నుదుటి మీద చెమట పట్టింది.

"డబ్బా ఖరాబ్ హై," అని పోలరాజు ముందుకొచ్చి తీగలు రెండూ తన చేత్తో లాక్కున్నాడు. నా వేలింకా మీట మీదే ఉంది.

పోలరాజు మందుల బీరువా దగ్గర తేలాడు. కుర్చీ ఒకవైపు, టోపీ ఒకవైపు, అతనొకవైపు. షాక్ తగిలింది ఒక్కడికే, కొయ్యబారింది మాత్రం గదిలో అందరమూ.

విల్సన్ గారు తన మామూలు సన్నగొంతుతో చెప్పారు. "నటించేవాడు కాలు కదపకుండా ఉండగలడండి. కరెంటు తగిలిన కండని ఆపడం ఎవరి తరమూ కాదు. చచ్చిన కప్ప కాలు కూడా ఎగురుతుంది. ఇతను బతికున్నాడు, ఇతని కండ ఎగరడం లేదు."

గుమ్మం దగ్గరున్న తవిటమ్మకి ఆ చివరి మాటల్లో చావొక్కటే వినిపించింది. "సచ్చిపోతన్నాడా బావూ?" అంది.

"నానిక్కడే ఉన్నాను. ఏడవకే," అన్నాడు అసిరయ్య మంచం మీంచి.

విల్సన్ గారు అతని రొమ్ము మీద చెయ్యి వేసి ఊపిరి లెక్కపెట్టారు. కాళ్లలోని, చేతుల్లోని చచ్చుదనం అక్కడికి పాకితే ఏమవుతుందో డాక్టర్లిద్దరూ పైకి అనలేదు, వాళ్ల కళ్లు అనుకున్నాయి. తర్వాత ఆయన తవిటమ్మని ఒక్కటే అడిగారు, ఈ పొద్దున్న ఇతను ఏం తిన్నాడని.

సీతారాండేరాలో వాళ్ల వీధికి ఒక ఆచారం ఉంది. ఒక వరస శ్రీకాకుళం వాళ్లవి, ఎదురు వరస గోదావరి క్రైస్తవులవి, అసిరయ్యది కాక మొత్తం పదకొండు ఇళ్లు. ఏ ఇంటి మనిషికి గండం వచ్చినా, పెద్ద పని మీద బయల్దేరినా, పదకొండు ఇళ్లవాళ్లూ తమ ఇంట్లో వండిన తీపి తమ చేత్తో నోట పెట్టి పంపాలి. ఒక్క ముద్ద వద్దన్నా ఆ ఇంటిని వెలివేసినంత పాపం. ఈ పొద్దున్న నూకమ్మ బెల్లం పరమాన్నం, త్రేసమ్మ కేకు, ఇంకొకరి అరిసెలు, ఇంకొకరి రవ్వకేసరి, అన్నీ పెట్టారట. నీరసంగా ఉన్నాడని తవిటమ్మ పైన చెంబుడు పానకం తాగించిందట. సెలవు రోజు కూడా అంతే. నీళ్లలో కష్టపడి వచ్చాడని, జబ్బు మనిషని, రాత్రి వీధంతా తలా ఒక గిన్నె తెచ్చేవారట.

విల్సన్ గారు తల పట్టుకున్నారు. ఒళ్లు బాగా అలిసిన మనిషి కడుపునిండా తీపి తిని పడుకుంటే, ఆ చక్కెర రక్తంలోంచి కణాల్లోకి పోతూ పొటాషియాన్ని వెంటేసుకుపోతుందన్నారు. మనందరికీ అది కాస్తే. ఇతని కండల్లో వాకిళ్లు పుట్టుకతోనే ఎక్కడో చెడ్డాయి, అందుకే అవి మొరాయించి కూర్చుంటాయి. నరం కబురు పంపుతుంది, కండ తలుపు తియ్యదు. చక్కెర తింటే చక్కరొచ్చి కళ్లు తిరిగేవాళ్లను చూశాను గాని, కొయ్యయిపోయినవాణ్ణి అదే చూడడం.

తవిటమ్మకి వాకిళ్ల సంగతి అక్కర్లేదు. తన రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. "నా సేత్తోనే పెట్టినాను," అంది. మూడోసారి అన్నప్పుడు పోలరాజు కూడా తల దించుకున్నాడు.

మందు మా గదిలోనే ఉంది, కప్పల నీళ్లలో కలిపే పొటాషియం ఉప్పు. దాన్ని మనిషికివ్వడానికి జ్ఞానరత్నం గారు ఒప్పుకోలేదు. ఎక్కువైతే గుండె ఆగుతుంది. ఆఖరికి ఆసుపత్రి మందుల కొట్లోంచి శుద్ధమైనది తెప్పించి, తూచి, నీళ్లలో కలిపి, నాడి మీద వేలు తియ్యకుండా కొంచెం కొంచెంగా తాగించారు. పన్నెండయింది. ఏమీ లేదు. భోజనాల గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. పన్నెండున్నర దాటాక అసిరయ్య ఎడమచేతి బొటనవేలు కదిలింది. నా జన్మలో ఒక వేలిని అంతసేపు చూడలేదు. రెండింటికి గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఈసారి తీగ ఆనిస్తే తొడ టక్కున ఎగిరింది, అతను ఒక తిట్టు కూడా తిట్టాడు. ఆ తిట్టు నేను రికార్డులో రాయలేదు.

మిల్లు ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. అయితే జబ్బు నిజమే, ఎర్రటి ఊచ పట్టే మనిషి చెయ్యి ఎప్పుడు పడిపోతుందో తెలియకపోతే ఉద్యోగానికి పనికిరాడని రాయమన్నాడు. ఆ మాట కరెంటు కంటే గట్టిగా తగిలింది మాకు.

అసిరయ్య గోడని వదల్లేదు. "అబద్దమైతే దొంగనంతారు. నిజమైతే పనికిరానంతారు. నానేటి సెయ్యాల బావూ?" అన్నాడు.

జవాబు జ్ఞానరత్నం గారు కాగితం మీద ఇచ్చారు. మూడు నెలలు తీపి మానాలి, రాత్రి అన్నం తగ్గించాలి, వారం వారం వచ్చి చూపించుకోవాలి. ఒక్కసారి కూడా కాళ్లు పడకపోతే పాత పని, పడితే ఇక మిల్లే లేదు. అంతవరకూ పట్టకారు ముట్టకుండా తేలిక పని ఇవ్వాలి. ఆ తేలిక పని ఏదో పోలరాజే చెప్పాడు. కణం వాకిళ్లు మొరాయించిన మనిషికి మిల్లు గేటు కాపలా పడింది.

పట్టేవాడు లేక మా కప్పలకి ఆ మూడు నెలలూ ఆయుష్షు పెరిగింది. అసిరయ్య పన్నెండు వారాలు వచ్చాడు, పన్నెండుసార్లూ నడిచే వచ్చాడు. ఆగస్టు ఆఖర్న అతనికి పట్టకారు తిరిగి ఇచ్చారు. ఆ ఆదివారం సాయంత్రం విల్సన్ గారూ నేనూ చూడ్డానికి వెళ్లాం. వీధిలో పదకొండు గిన్నెలు బారు తీరి ఉన్నాయి. ఉద్యోగం దక్కడం కంటే పెద్ద పని ఏముంటుంది మరి.

తవిటమ్మ గుమ్మానికి అడ్డంగా, రెండు చేతులూ చెరో గోడకీ ఆనించి నిలబడి ఉంది. పరమాన్నాన్ని వెనక్కి పంపింది. కేకుని వెనక్కి పంపింది. కొబ్బరిబోండం తెచ్చిన ఆమెకి మాత్రం ఒక చెయ్యి ఎత్తి దారి ఇచ్చింది. నూకమ్మ మొహం ముడుచుకుంటే, "నీ ముద్ద నాకెట్టు వదినా, ఆడి బదులు నాను తింతాను," అని నోరు తెరిచింది. అప్పటికి తొమ్మిది ఇళ్ల ముద్దలు తిన్నదట. ఆయాసపడుతోంది.

విల్సన్ గారు ఆగిపోయి ఆ గుమ్మాన్నే చూస్తున్నారు. ఎన్నాళ్లుగానో కనపడకుండా తిప్పలు పెట్టినదేదో ఎదురుగా చీర కట్టుకుని నిలబడ్డట్టు చూస్తున్నారు.

తవిటమ్మ మమ్మల్ని చూసింది. నమస్కారం పెట్టబోయి, విల్సన్ గారి చేతి వైపు చూసి నిలిచిపోయింది. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు భార్య బాలకుమారి గారు శుభమా అని చేతిలో పెట్టిన లడ్డూల పొట్లం. వాకిళ్ల గురించి ఆలోచిస్తూ ఆయన దాన్ని సాక్చి నుంచి సీతారాండేరా దాకా మోసుకొచ్చేశారు. నేను పక్కనే నడిచాను, నాకూ తట్టలేదు.

"డాక్టరు బావూ, మీరూనా?" అంది తవిటమ్మ. ఎత్తిన చెయ్యి మళ్లీ గోడకి ఆనించింది.