చూద్దాం అన్న మాట

మంత్రిగారు "చూద్దాం" అన్నారు. దుబాసి ఆ మాటను వాళ్ల భాషలోకి మార్చి బల్లకు అవతలి వైపు అందించింది. అంతే, కొంప మునిగింది.

మునిగిన సంగతి ఆమెకు వెంటనే తెలియలేదు. పరదేశం నుంచి వచ్చిన బృందానికి పెద్ద, ఒక పొడుగాయన, మొహమంతా నవ్వు చేసుకుని పక్కనున్న అమ్మాయితో ఏదో రాసుకోమన్నాడు. అప్పుడు కలుక్కుమంది దుబాసికి. కాదంటే నవ్వుతాడేమిటి ఈ మనిషి?

బేరం పాలపొడి గురించి. వాళ్ల దేశంలో పాలు తాగేవాళ్లకంటే పిండేవాళ్లు ఎక్కువయ్యారు. మిగిలిన పాలను పొడి చేసి గోదాముల్లో పోసుకుని కూర్చున్నారు. ఆ పొడి మీద ఇక్కడ వేసే దిగుమతి సుంకం ఎత్తేయాలని వాళ్ల పట్టు. ఎత్తేస్తే మన పండ్లను వాళ్ల రేవుల్లో దించుకుంటామని ఆశ పెట్టారు. సుంకం పోయిన మర్నాడే పొడి కలిపిన పాలు చవకైపోతాయి. ఇక పాలకేంద్రంలో క్యాన్లు పట్టుకుని నిలబడే చిన్న రైతు మొహం ఎవడు చూస్తాడు? ఈ సంగతి దుబాసికి ఎవరూ వివరించనక్కర్లేదు. ఆమె అక్కకు ఉన్నదల్లా ఒక కొట్టం, అందులో ఆవులు. ఆ పాలతోనే దుబాసి రెండు భాషలూ చదువుకుంది.

అందుకే, మంత్రిగారి నోట "చూద్దాం" రాగానే ఆమె ప్రాణం లేచొచ్చింది. మన భాషలో పుట్టినవాళ్లెవరికి తెలియదు ఆ మాట? చేబదులుకొచ్చినవాడితో చూద్దాం అంటాం, వాడు చెప్పులు వెతుక్కుంటాడు. నచ్చని సంబంధం తెచ్చిన పిన్నితో చూద్దాం అంటాం, ఆవిడ మంచినీళ్లు తాగి లేస్తుంది. అంతెందుకు, నాన్న చూద్దాం అన్నాడంటే చంటిపిల్ల కూడా బొమ్మ రాదని తెలుసుకుని రాగం అందుకుంటుంది. కాదనడానికి మనకున్న మర్యాద అది. వాళ్ల భాషలో అదే మాట అంటే పని మొదలైందని లెక్క. సంతోషంలో దుబాసి మాటను దాటించి అర్థాన్ని ఈ ఒడ్డునే వదిలేసింది. ఛీ, నా చదువు తగలెయ్య అని తిట్టుకుంది.

టీ విరామం ఇచ్చారు. ఆమె నడవాలో కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగింది. గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న బంట్రోతు చూసి నవ్వాడు.

"కాస్త కూర్చోండి దుబాసమ్మా, గచ్చు అరిగిపోతే మళ్లీ టెండరు పిలవాలి."

ఆమె నవ్వలేకపోయింది. ఇంతలో చేతిలో ఫోను మోగింది. అక్క.

"ఏమే చిన్నీ, తిన్నావా?"

"తిన్నాలే. ఏంటక్కా ఇప్పుడు?"

"ఆవుల బేరగాడొచ్చి వాకిట్లో కూర్చున్నాడే. పాలపొడి దిగుతోందని ఊరంతా ఒకటే గోల. అది దిగాక ఆవుల్ని ఊరికే తోలుకుపొమ్మన్నా తోలుకుపోయేవాడుండడు. ఇవాళైతే మంచి రేటిస్తానంటున్నాడు. మీ బావ అమ్మేద్దామంటున్నాడు, నాకేమో చేతులు రావట్లేదు. నువ్వక్కడే ఉన్నావుగా, ఆ మంత్రి ఏమంటున్నాడో చెప్పవే."

"లోపల విన్నది బయట చెప్పకూడదక్కా. ఉద్యోగం పోతుంది."

"నాకు చెప్తే బయట చెప్పినట్టా? నేను నీకు బయటిదాన్నయ్యానా?"

ఉన్న సంగతి చెప్దామన్నా ఉన్న సంగతేమిటో ఇప్పుడు దుబాసికే తెలియదు. మంత్రి కాదన్నాడు, అవతలివాళ్లు ఔననుకున్నారు. దీన్ని ఫోనులో ఏమని చెప్పడం?

"చూద్దాం అక్కా. సాయంత్రానికి తేలుతుంది, నేనే ఫోన్ చేస్తా."

"సరేలేవే," అని అక్క ఫోను పెట్టేసింది.

దుబాసి నేరుగా కార్యదర్శి గదికి వెళ్లింది. బేరాలన్నీ తెర వెనక నడిపేది ఆయనే. బిస్కెట్టు టీలో ముంచుకుంటున్నాడు.

"సార్, పొరపాటు జరిగింది. మంత్రిగారు కాదన్నారు. వాళ్లు ఒప్పుకున్నారని రాసుకుంటున్నారు. నేను వెళ్లి సరిచేస్తాను."

"ఎవరు చెప్పారు కాదన్నారని?"

"చూద్దాం అన్నారు కద సార్."

"మొన్న పాడిరైతుల సంఘం వాళ్లొచ్చి, పొడిని రానివ్వొద్దని దండాలు పెట్టారు. వాళ్లతో ఏమన్నారో తెలుసా? చూద్దాం అనే అన్నారు."

దుబాసి నోరు తెరిచింది. "అంటే ఇద్దర్నీ కాదన్నట్టా సార్?"

"ఇద్దరితోనూ ఏమీ అనలేదమ్మా. ఎన్నికలు దాటేదాకా పాము చావకూడదు, కర్ర విరగకూడదు." బిస్కెట్టు తెగి టీలో పడింది. ఆయన చెంచాతో దాన్ని వెతుక్కుంటూ తాపీగా చెప్పాడు. "తర్వాత పొడి వచ్చిందనుకో, మేం ఒప్పుకోలేదు, దుబాసి తప్పు చెప్పింది అని రైతులతో అంటాం. రాలేదనుకో, ఈ పరదేశం వాళ్లతోనూ ఆ మాటే అంటాం. నీకేం భయం లేదు, నిన్ను వేరే శాఖలో వేయిస్తాంలే."

ఒళ్లు మండిపోయింది దుబాసికి. చల్లకొచ్చి ముంత దాచడం విన్నాం గానీ, ముంతను ఎదుటివాడి నెత్తిన బోర్లించి పోయేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను అనుకుంది. పైకి మాత్రం "వస్తాను సార్" అని బయటపడింది.

భోజనాల వేళకు మళ్లీ ఫోను. ఈసారి బావ.

"చిన్నీ, ఆవుల్ని ఇచ్చేశాం. లారీ ఇప్పుడే కదిలింది. మీ అక్క కొట్టంలోంచి బయటికి రావట్లేదు."

"అదేంటి బావా! సాయంత్రం దాకా ఆగమన్నాగా నేను!"

"ఆగమన్నావా? చూద్దాం అన్నావట కదా. ఇంకేం మిగిలింది? 'పాపం చిన్నది, మనల్ని ఏడిపించలేక అలా అంది, వచ్చేస్తోందన్నమాట పొడి' అని మీ అక్కే తాళ్లు విప్పి ఇచ్చింది."

"అయ్యో! లారీని వెనక్కి తిప్పించు బావా!"

"డబ్బు చేతులు మారాక ఎవడు తిప్పుతాడమ్మా? సరే, కాళ్లావేళ్లా పడి తిప్పిస్తా. పొడి రాదని ఖాయంగా చెప్పగలవా?"

ఆమె చెప్పలేకపోయింది. బావ ఫోను పెట్టేశాడు. దుబాసి స్నానాలగదిలోకి పోయి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ పొదుగుల కింద కూర్చుని పాఠాలు చదివిన మనిషి, ఒక్క మాటతో వాటిని లారీ ఎక్కించింది. నిజంగానే చూద్దాం అనుకుని అంది పాపం. కానీ అక్క మన భాష మనిషి, మన అర్థమే తీసుకుంది. తప్పెవరిది?

మధ్యాహ్నం మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు వెనక వరసలో విలేకరులకు చోటిచ్చారు, ఉమ్మడి ప్రకటన చదువుతారని. వాళ్ల చివర పాడిరైతుల సంఘం నాయకుడు తలపాగా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పొడుగాయన లేచి గొంతు సవరించుకున్నాడు. పాలపొడి మీద సుంకం తొలగించే పని చేపడతామని మంత్రిగారు మాట ఇచ్చారు, ప్రకటనలో అలా రాస్తున్నాం, సరేనా అని అడిగాడు. దుబాసి దాన్ని పొల్లుపోకుండా మంత్రిగారికి తెలుగులో చెప్పింది.

నిజానికి మంత్రిగారికి వాళ్ల భాష ఆమెకంటే బాగా వచ్చు, కుర్రతనంలో అక్కడే చదివారు, ఆ సంగతి బయటికి పొక్కనివ్వరు. దుబాసిని పెట్టుకునేది ఆలోచించుకునే వ్యవధి కోసం. ఆ వ్యవధి పూర్తిగా వాడుకుని, వెనక వరసకేసి ఒకసారి చూసి, చేతులు కట్టుకున్నారు.

"చూద్దాం, చూద్దాం."

దుబాసి బల్ల అంచు పట్టుకుంది. ఇప్పుడు మా కొట్టంలో ఆవుల్లేవు, నాకు ఒరిగేదీ లేదు, ఇంకెవరి ఇంటి ముందూ ఆ లారీ ఆగకూడదు అనుకుంది. వాళ్ల భాషలో స్పష్టంగా చెప్పింది.

"మంత్రిగారు కాదంటున్నారు. మా భాషలో ఈ మాట మర్యాదగా కాదనడానికి వాడతాం. పొద్దున నేను అర్థం సరిగ్గా చెప్పలేదు, క్షమించాలి."

పొడుగాయన నవ్వు ఆగిపోయింది. కార్యదర్శి సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. మంత్రిగారి చెవులు ఎర్రబడ్డాయి. అర్థమైందని ఒప్పుకుంటే భాష వచ్చినట్టు బయటపడుతుంది, అర్థం కానట్టు ఉంటే ఆ మాట ఖాయమైపోతుంది. కక్కలేక మింగలేక ఆమె వైపు వంగారు.

"ఏమ్మా, వాళ్లతో ఏం చెప్పావు?"

"మీరు కాదన్నారని చెప్పానండీ."

"నేనలా అన్నానా?"

"అనలేదాండీ?" ఆ మాట వెనక వరసకు వినబడింది. "అయితే ఔనన్నారని చెప్పమంటారా? మీరు ఆ మాట అనండి, ఇప్పుడే చెప్పేస్తాను."

రాస్తున్న విలేకరులంతా తలెత్తారు. సంఘం నాయకుడు ఒళ్లోని తలపాగా పక్కన పెట్టి నిలబడ్డాడు. మంత్రిగారు గ్లాసెత్తి నీళ్లు తాగారు, తాగుతూనే ఉన్నారు, గ్లాసు ఖాళీ అయ్యింది. మూతి తుడుచుకుని, ఎవరి మొహమూ చూడకుండా అన్నారు.

"కాదనే చెప్పు."

ఆమె చెప్పింది. అవతలివాళ్లు కాగితాలు సర్దుకున్నారు. పొడుగాయన ఆమెకు తల వంచి మరీ వెళ్లాడు, అది మర్యాదో కోపమో ఆమెకు తెలియలేదు.

కార్యదర్శి గుమ్మం దాకా వెంట వచ్చి "రేపట్నించి రానక్కర్లేదు" అన్నాడు. వేరే శాఖ ఊసే లేదు. అక్కకు ఫోన్ చేసి ఏమని చెప్పాలి? పొడి రావట్లేదక్కా, నీ ఆవులు తప్ప అందరి ఆవులూ ఉన్నాయి అనా?

బంట్రోతు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"పొడి రాదటగా దుబాసమ్మా, మంచి పని జరిగింది. మరి మన పండ్ల సంగతేంటి? మా రెండో అమ్మాయి రేవు దగ్గర పండ్ల గోదాములో చేరింది. వాళ్ల దేశానికి సరుకు పోతుందనే కొత్తవాళ్లను పెట్టుకున్నారు. పాపం, మొగుడు పోయాక ఇదే మొదటి ఉద్యోగం. వాళ్లు దించుకుంటారా అమ్మా?"

ఒక మెత్తటి మాట ఆమె నాలిక చివరిదాకా వచ్చింది. అది అంటే ఇద్దరూ నవ్వుకుంటూ ఇళ్లకు పోవచ్చు. ఆమె దాన్ని మింగేసింది.

"దించుకోరు బాబాయ్. ఆ బేరం పోయింది. ఇందాక లోపల నేను చెప్పిన మాటతోనే పోయింది."

బంట్రోతు ఆమె మొహంకేసి చూశాడు. రోజూ ఆమె వచ్చేసరికి తలుపు తీసి పట్టుకునే మనిషి, మెల్లిగా స్టూలు మీద కూలబడ్డాడు. తలుపు బరువుగా ఉంది. దుబాసి దాన్ని తనే తోసుకుని బయటికి వెళ్లింది.